ఏ గోడకూ చెందని ఒంటెపిల్ల

తరాజ్ పట్నం బజారులో బొమ్మల వరుసలో చివరి దుకాణం ఉల్బోల్సిన్‌ది. దుకాణమంటే సరుకులు రవాణా చేసే పాత ఇనుప డబ్బా, గదంతది. దానికే తలుపు, దీపం, కాళ్ళ దగ్గర చిన్న కరెంటు హీటరు. ఎడమ గోడంతా గులాబీ రంగు, కుడి గోడంతా నీలం. కొనేవాళ్ళు గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే ఆమె నోట ఒకటే మాట వచ్చేది.

"మగపిల్లాడా, ఆడపిల్లా?"

జవాబును బట్టి చెయ్యి అటో ఇటో దానంతటదే పోయేది. అటు వంటగిన్నెలు, ఊయలలు, జుట్టు దువ్వించుకునే బొమ్మలు. ఇటు లారీలు, తుపాకులు, మీసాలు మెలేసిన వీరుడి బొమ్మ వేసిన పెట్టెల్లో గొర్రె ఎముకల ఆట. అది ఒకప్పుడు నిజం ఎముకలతో ఆడేవారు, ఇప్పుడు ప్లాస్టిక్కువి. ఒక్క డోలు మాత్రం రెండు గోడల మీదా ఉంది. గులాబీ దాని మీద సీతాకోకచిలుక, నీలం దాని మీద పులి. కొడితే రెండూ ఒకే తలనొప్పి తెప్పించేవి. అక్క డోలు తమ్ముడికి పనికిరాదని ఇంకోటి కొనిపించడంలోనే వ్యాపారమంతా ఉందని ఉల్బోల్సిన్‌కు తెలుసు. తెలిసే చేసేది, అందులో తప్పేముందో ఆమెకు ఎన్నడూ తోచలేదు.

ఏ గోడకూ చెందనిది ఒక్కటే ఉంది. ఉన్నితో చేసిన ఒంటెపిల్ల. పల్లె నుంచి ఎవరో ముసలావిడ చేసి తెచ్చి ఇచ్చింది. మట్టిరంగు ఒళ్ళు, నల్లపూసల కళ్ళు. వచ్చినవాళ్ళు చేతిలోకి తీసుకుని నిమిరి, "ఇది ఎవరికి?" అని అడిగేవారు. ఏం చెప్పాలో తోచక ఆమె నవ్వేది. వాళ్ళు కిందపెట్టి పోయేవారు. అలా అది బల్ల మీదే, ఆమె మోచేతి పక్కన ఉండిపోయింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక రెండు గోడల రంగులూ దీపం వెలుగులో కలిసిపోయి, డబ్బా నిండా ఊదారంగు పొగమంచు కమ్మినట్టుండేది. ఆ రంగులో ఆమె కునుకు తీసేది. అలాంటి వేళలోనే తమ్ముడు తిలెగెన్ వచ్చాడు, భుజాల మీద మంచుతో.

"అక్కా, నిద్రా?"

"వ్యాపారం. కళ్ళు మూసుకుని చేస్తున్నా. ఏంటి, మీ కోడలికి పురుడొచ్చిందా?"

"వచ్చింది. తల్లీ బిడ్డా బాగున్నారు."

ఆమె నోరు ఊరుకోలేదు. "మగపిల్లాడా, ఆడపిల్లా?"

తిలెగెన్ మంచు దులుపుకున్నాడు. "మళ్ళీ ఆడపిల్లే. మా వాడికి మూడోది."

"చల్లగా బతకాలి. మరి మొహం అలా వేలాడేసుకున్నావేం?"

"వేలాడెయ్యలేదు. దీనికి మందు దొరికిందిలే. పిల్లకి నీ పేరు పెడుతున్నాం."

ఆమెకు నిద్రమత్తు దిగిపోయింది. ఉల్బోల్సిన్ అంటే 'కొడుకు కలగాలి' అని. వరసగా కూతుళ్ళు పుట్టిన ఇళ్ళలో చివరి పిల్లకు పెట్టే పేరది. ఆమె పుట్టినప్పుడు తండ్రి పెట్టాడు. ఆ తరవాత పుట్టినవాడికి తిలెగెన్ అని పెట్టారు, కోరుకున్నవాడని.

"నీది పరీక్షకి నిలబడ్డ పేరక్కా. నిన్నలా పిలవబట్టే కదా నేను పుట్టాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, దేవుణ్ణి అడగొద్దూ? శుక్రవారం ముల్లా వస్తాడు. ఇప్పుడున్నవాళ్ళలో ఇంటికి పెద్దదానివి, పిల్ల చెవిలో పేరు నువ్వే చెప్పాలి. నీకూ గౌరవంగా ఉంటుంది."

తమ్ముడు మనస్ఫూర్తిగానే అన్నాడు. వచ్చిన చిక్కల్లా అదే. ఎగతాళి అయితే తిరిగి తిట్టేది. అతను అప్పటికే నీలం గోడ వైపు తిరిగి లారీ ఒకటి, ఎముకల పెట్టె ఒకటి, మగపిల్లలకు పెట్టే కుట్టుపని టోపీ ఒకటి తీశాడు.

"ఇవన్నీ పురిటి పిల్లకా?"

"పక్కలో నీలం సామానే ఉండాలంది మా ఆవిడ. బట్టలు కూడా మగవే. వెనకొచ్చేవాడు దారి తప్పకుండా."

"వాడు రంగు చూసుకుని వస్తాడేంట్రా?"

"రంగు చూసే కదా నువ్వు అమ్మేది," అన్నాడు తిలెగెన్ నవ్వుతూ.

ఆమె అన్నీ సంచిలో వేసి ఇచ్చింది.

అతను వెళ్ళాక కళ్ళు మూసుకుంది. ఊదారంగు పొగమంచులోంచి గుర్రం వచ్చింది. జీను మీద తండ్రి, అతని ముందు చిన్నపిల్లగా తను. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది, తల మీద ఎర్రదారం కుట్టిన టోపీ. జేబులో గొర్రె ఎముకలు, వాటిలో సీసం పోసిన పెద్దది తనది. దాంతో గురి చూసి కొడితే మగపిల్లలందరి ఎముకలూ చెల్లాచెదురయ్యేవి. "పట్టుకో కొడుకా," అంటున్నాడు తండ్రి. చుట్టూ మంచూ ఆకాశమూ ఒకే రంగు. ఎక్కడా గోడ లేదు. గుర్రం నేల తాకకుండా పోతోంది.

అంతలో గుడారంలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అందరూ పరుగెత్తారు. నాయనమ్మ వచ్చి ఉల్బోల్సిన్ తల మీది టోపీ తీసి ఊయలకు తగిలించింది. జేబు ఖాళీ చేసి, చేతిలో గుడ్డబొమ్మ పెట్టింది. "ఇంక నువ్వు ఆడపిల్లవేనే తల్లీ, నీ పనైపోయింది," అంది. ప్రేమగానే అంది. తలకు చలేసింది. గుర్రం వెళ్ళిపోతుంటే వెంట పరుగెత్తింది. జీను మీద ఎవరున్నారా అని చూస్తే, అక్కడ ఉన్నదీ తనే. ఎంత పిలిచినా వెనక్కి తిరగలేదు.

మెలకువ వచ్చేసరికి ఆమె చెంప ఒంటెపిల్ల మీద ఉంది, ఉన్ని తడిసి ఉంది.

శుక్రవారం తిలెగెన్ ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. బల్ల మీద నూనెలో వేగిన వేడి వేడి బౌర్సాకులు, టీ, ఉడికిన మాంసం. ఊయలలో పిల్ల పక్కన నీలం లారీ. కోడలు మెరుయెర్త్ తల వంచుకుని కూర్చుంది. పేరు సంగతి ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు. తిలెగెన్ టోపీ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు, పేరు చెప్పగానే పిల్ల తలకు పెట్టడానికి.

ముల్లా ప్రార్థన ముగించి ఉల్బోల్సిన్ వైపు చూశాడు. ఆమె వంగింది. పాలవాసన వచ్చింది. చిన్న చెవి, గులాబీ కాదు, నీలమూ కాదు. చెవిలో పడిన పేరు మళ్ళీ వెనక్కి రాదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె మూడుసార్లు చెప్పి, లేచి, అందరికీ వినిపించేలా ఇంకోసారి చెప్పింది.

"బొతా."

బొతా అంటే ఒంటెపిల్ల. ఆడైనా మగైనా ఏడ్చే బిడ్డను ఏ తల్లయినా ఒళ్ళోకి తీసుకుని పిలిచే పిలుపు.

"అక్కా, అది కాదు కదా పేరు?"

"చెవిలో పడింది. ఇంక అదే."

"మరి మనవడి సంగతి?"

"అడుక్కో. అడగందే అమ్మైనా పెట్టదు, నిజమే. నీ నోటితో నువ్వు అడుక్కో. ఆ పిల్ల పేరుతో అడగొద్దు." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "నన్ను ఎవరు పిలిచినా నిన్నే పిలిచార్రా. నువ్వొచ్చావు, నాకూ సంతోషమే. కానీ నేను కూడా వచ్చాను. అది ఎవరూ చూడలేదు."

తిలెగెన్ చేతిలోని టోపీ వైపు చూశాడు.

"పాత ఫొటోలో నా తల మీద ఎర్రదారం టోపీ ఉంటుంది," అన్నాడు నెమ్మదిగా. "అది నీదా?"

"నాదే. నువ్వు దాంట్లో ఉచ్చ కూడా పోశావు."

ఎవరో ఫక్కున నవ్వారు. తిలెగెన్ నవ్వలేదు. టోపీని చేతుల్లో తిప్పి తిప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి అక్క తలగుడ్డ మీద పెట్టాడు. పసివాళ్ళ టోపీ, నిలవక జారింది. ఆమె చేత్తో పట్టి అలాగే ఉంచుకుంది. రెండో చేత్తో కోటు జేబులోంచి ఒంటెపిల్లను తీసి ఊయలలో, లారీకి ఇవతల పెట్టింది.

మెరుయెర్త్ అప్పుడు తలెత్తింది. బిడ్డ మీదకు వంగి, మెల్లగా, "బొతా" అని పిలిచి చూసింది. ఆ పిలుపు, పుట్టబోయేవాడి దాకా పోకుండా, పిల్ల దగ్గరే ఆగింది.