తమ్ముడి బుల్లి బుర్రలు

"నీకు బుర్ర లేదురా" అని తమ్ముణ్ణి తిట్టి తిట్టి పెద్దదైన అక్క, చివరికి వాడికి బుర్రలు పెంచే పనిలో పడింది. ఒకటి కాదు, పళ్లెం నిండా. వాడి చేతి నుంచి చిటికెడు చర్మం తీసి, అందులోని కణాలను మూలకణాలుగా మార్చి, తను పనిచేసే ల్యాబులో వెచ్చటి పెట్టెలో ఉంచి, మిరియపు గింజంత మెదడు ముద్దలుగా పెంచింది. ఆదివారాలు కూడా వెళ్లి వాటికి పోషక ద్రవం మార్చి వచ్చేది. ఇంట్లో మొక్కలకు మాత్రం నీళ్లు పోసే దిక్కు లేదు.

తమ్ముడు బస్సు డ్రైవరు. మూర్ఛ మొదలయ్యాక స్టీరింగు వదిలేసి, డిపోలో స్పేర్ పార్టుల గదిలో కూర్చున్నాడు. వాడిన మందేదీ పనిచెయ్యలేదు. ఈ ముద్దల్లో వాడి జబ్బు కనబడితే, కొత్త మందులు ముందు వాటి మీద వేసి చూడొచ్చు. కనబడకపోతే పడ్డ పాటంతా గంగలో కలిసినట్టే. అందుకని ఏ అక్కకూ రాకూడని కోరిక ఆమెకు వచ్చింది. తమ్ముడి బుర్ర ఈ పళ్లెంలో కూడా సరిగ్గా పనిచెయ్యకూడదు.

ఆ మాట విని వాడు పగలబడి నవ్వాడు. ముద్దల్ని పరీక్షించే రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ తయారయ్యాడు. పళ్లెంలోకి తొంగిచూసి, వీటికి ఆలోచనలు ఉంటాయా అని అడిగాడు. అంత సీను లేదని అక్క చెబితే, అయితే అన్నీ తన పోలికేనని తేల్చేశాడు.

ముద్ద కింద సన్నని తీగలు, ఎదురుగా తెర. తెర మీద ముద్దలోని విద్యుత్తును చూపే గీత చాలాసేపు బుద్ధిగా నడిచింది. అక్క ఉసూరుమంది. అంతలో గీత ఎగిరిపడి, ఆగకుండా కొట్టుకోసాగింది.

"వచ్చింది, మూర్ఛ వచ్చింది" అంటూ అక్క చప్పట్లు కొట్టింది.

కొట్టాక గాని తనేం చేసిందో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. తమ్ముడు నవ్వలేదు, తెరనే చూస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ స్పృహ తప్పేవాడికి, తనకేమవుతోందో చూడటం ఇదే మొదలు.

"నేను పడిపోయినప్పుడల్లా నువ్వు చూసేది ఇదేనా అక్కా?"

ఆమె తల ఊపి, ఆపుకోలేక ఏడ్చేసింది. వాడు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని, కొత్త మందు సీసా అందుకుంది.

"ముందు దాన్ని ఊరుకోబెట్టు" అన్నాడు తమ్ముడు. "నేను వెనకాల లైన్లో ఉన్నాను."