కోసిన స్తంభాలు

రెండు నిమిషాలేగా అని సైకిల్ దారిలో కారు ఆపి దిగే పెద్దమనిషీ, నిన్నే అంటున్నాను. ఆ రెండు నిమిషాలు ఎవరి కాళ్ల మీదుగా పోతాయో ఎప్పుడైనా ఆలోచించావా? సిగ్గుంటే విను.

ఆస్పత్రిలో నర్సుగా చేసే ఓ అక్క రోజూ ఆరున్నరకల్లా సైకిలెక్కేది. టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కి, డ్యూటీ చెప్పులు క్యారియర్‌కి. రోడ్డు అంచున వరసగా స్తంభాలు నాటి సైకిళ్లకు దారి వేరు చేశాక, ఇరవై ఏళ్లలో మొదటిసారి వెనక్కి చూసుకోకుండా పనికి వెళ్లింది. మొదటి వానకే ఆ స్తంభాలు వేళ్లూనాయి. రోడ్డు ఊడ్చే ఆవిడ వాటికి రోజూ చెంబుడు నీళ్లు పోసేది.

ఆ దారిలోనే అక్క సొంత తమ్ముడికి సోఫాల దుకాణం. లారీ గుమ్మం దాకా రావాలని ఓ ఆదివారం నాలుగు స్తంభాలు కోయించాడు. కోసిన చోట పాలు కారాయి.

"వేళ్లు లోపలే ఉన్నాయి బాబూ," అంది ఊడ్చే ఆవిడ. అతను చెయ్యి విదిలించాడు.

"ఏంట్రా ఈ పని? నీ లారీని తప్పించుకోవడానికి బస్సుల మధ్యలోకి పోవాల్సొస్తోంది," అంది అక్క.

"నీ ఒక్క డొక్కు సైకిల్ కోసం దుకాణం మూసుకోమంటావా? కాస్త చూసుకుని తొక్కు."

"ఓహో, చూసుకోవాల్సింది నేనా!"

మున్సిపల్ ఆఫీసులో మూడుసార్లు అర్జీ ఇచ్చింది. "పోయినవి నాలుగేగా అమ్మా, మిగతావన్నీ ఉన్నాయిగా," అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండానే.

స్తంభాలు కోసిన తొమ్మిదో రోజు లారీని తప్పించబోయిన అక్కను బస్సు గుద్దింది. మోకాలు నుజ్జయింది. తను మందులిచ్చే వార్డులోనే మంచమెక్కింది. తమ్ముడు పళ్లు పట్టుకొచ్చాడు.

"చూసుకుని తొక్కమన్నానుగా అక్కా!"

"పళ్లు అక్కడ పెట్టి వెళ్లు," అంది ఆమె, గోడవైపు తిరిగి.

మర్నాడు దుకాణం తెరవబోతే గుమ్మానికి అడ్డంగా నాలుగు స్తంభాలు మొలిచి ఉన్నాయి. మధ్య సందు సైకిల్ హ్యాండిల్ పట్టేంత. కోస్తే సాయంత్రానికి ఇంకాస్త లావుగా లేచేవి. గోడ పగలగొట్టిస్తే అక్కడా మొలిచాయి. ఒక్క సోఫా బయటికి రాలేదు. కొనేవాళ్లు సందులోంచి దూరి, కాసేపు కూర్చుని చూసి, వెళ్లిపోయేవారు.

అక్క ఇప్పుడు చేతికర్రతో నడుస్తుంది. సైకిల్ తమ్ముడికిచ్చేసింది. అతను అమ్మేవి ఇప్పుడు పీటలే. ఒక్కొక్కటే ఆ క్యారియర్‌కి కట్టి ఇళ్లకు చేరుస్తాడు. తను కోయించిన ఆ ఖాళీలో ఎప్పుడూ ఎవరిదో ఒక కారు ఆగి ఉంటుంది. గంట కొడతాడు. కిటికీలోంచి చెయ్యి బయటికొస్తుంది.

"రెండు నిమిషాలే! కాస్త చూసుకుని తొక్కు."

అతను దిగి, వెనక్కి చూసుకుని, బస్సుల మధ్యలోకి సైకిల్ తోసుకుంటూ వెళ్తాడు. రోజూ.