పచ్చ బూజు

తమ్ముడి గొడ్డలికి మొదటి వరుసలో పదకొండు బత్తాయి చెట్లు పోయాయి. వేరుకుళ్లు పట్టినదాన్ని నరికి తగలబెడితే పక్కదానికి పాకదని వాడి వాదం. తగలబెట్టాడు. అయినా రెండో వరుస ఆకులు పసుపెక్కాయి.

"నెల్రోజులు ఆగరా," అంది అక్క. "ట్రైకోడెర్మా పొడి తెచ్చాను. ఇదీ బూజే, కానీ కుళ్లు తెచ్చే బూజుని తినేస్తుంది. మాగిన ఎరువులో పెంచి వేళ్లకి వేద్దాం."

"దొంగలకి దొంగనే కాపలా పెడతావన్నమాట."

"నెల్రోజులే అడిగాను."

"చూద్దాంలే."

కొట్టం నీడలో ఎరువు కుప్ప పోసి, పొడీ వేపపిండీ కలిపి, తడి గోనెలు కప్పింది. పదిహేనో రోజు పొద్దున గోనె ఎత్తితే కుప్ప నిండా పచ్చటి బూజు. పొంగిపోయి, గంపల కోసం ఇంట్లోకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి కుప్ప నీలంగా ఉంది. తమ్ముడి చేతిలో ఖాళీ బకెట్.

"బూజు పట్టిందక్కా, నువ్వు చూసుకోలేదు. రాగి మందు పోశాను. దెబ్బకి చస్తుంది."

నిజంగానే మేలు చేశాననుకున్నాడు. అందుకే ఆమెకు ఒళ్లు మండింది.

"ఆ బూజేరా, మనకి కావలసింది."

వాడి మొహం మాడిపోయింది. తప్పు తనదని తెలిస్తే వాడికి ముందు కోపమొస్తుంది. "అయితే ఇంక నరకడమే," అని గొడ్డలి అందుకుని రెండో వరుసకు నడిచాడు. ఆమె కుప్ప పక్కనున్న పార పట్టుకుని వెంటపడింది.

మొదటి వేటుకు చెక్క పేడు ఎగిరి ఆమె చెంప చీరింది. చెట్టుకు అడ్డం పడితే జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె పార తిరగేసి కర్రతో భుజం మీద బాదింది. వాడి మోచెయ్యి ఆమె నోటికి తగిలింది. పన్నూ నెత్తురూ కలిపి ఉమ్మేసి లేచింది. గొడ్డలి మళ్లీ పైకి లేచినప్పుడు మణికట్టు చూసి కొట్టింది. ఎండుకొమ్మ విరిగినట్టు వినబడింది. గొడ్డలి జారి వాడి పాదం పక్కనే నేలలో దిగబడింది.

ఆసుపత్రిలో వాడి కుడి చేతికి ఆరు వారాల కట్టు వేశారు. ఆమె చెంపకు కుట్లు వేస్తూ నర్సు, "ఇద్దరూ ఎక్కడ పడ్డారు?" అని అడిగింది.

"తోటలో," అన్నారిద్దరూ.

బయట బెంచీ మీద వాడు కట్టు వైపు చూసుకున్నాడు.

"చెయ్యి చూసే కొట్టావు కదూ."

"భుజం మీదది కోపంతో. చేతిది కావాలనే."

"ఒక్కగానొక్క తమ్ముణ్ణి."

"చెట్లు మాత్రం ఎన్ని మిగిలాయిరా? కుప్ప అడుగున మందు దిగనిది గంపెడుంటుంది. పెరుగుకి తోడేసినట్టు కొత్త ఎరువులో వేస్తా. నీ కట్టు విప్పేలోగా వేళ్లకి అందుతుంది."

"నాకు ఎడమ చెయ్యి ఉందిగా."

ఆమె వాచిన పెదవి తుడుచుకుంది.

"దానికీ మణికట్టు ఉంది."