పుల్లకి గుచ్చడమేగా

అడుగున కీరదోస ముక్క, మందంగా, రెండు వైపులా సాపుగా. దాని మీద మడతపెట్టిన లెట్యూస్ ఆకు. ఆ పైన చీజ్ ముక్క, దాని మీద చిట్టి టమాటా, కొసకి పుదీనా ఆకు. అంతే. ఎండాకాలం పార్టీల్లో అతిథులు మొదట చెయ్యి చాపేది ఈ సలాడ్ పుల్లలకే. "ఏముంది, పుల్లకి గుచ్చడమేగా!" అంటారు చూసినవాళ్ళంతా. అంటారు మరి. గట్టు మీద కూర్చున్నవాళ్ళకి ఈత ఎప్పుడూ తేలికే.

పెద్దకోడలు పొద్దున్నుంచీ స్టీలు బల్ల ముందు నిలబడి గుచ్చుతూనే ఉంది. పొట్టి మనిషి, గట్టి మనిషి. జుట్టంతా జాలీ టోపీలోకి దూర్చేసింది. వేళ్ళ కొసలు నీళ్ళకి నానీ నానీ ముడతలు పడ్డాయి. ఎడమ బొటనవేలి మీద పాత కోతలో నిమ్మరసం దిగి చురుక్కుమంటోంది. కాళ్ళు లాగినప్పుడల్లా బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటుంది తప్ప కుర్చీ కోసం చూడదు. కూర్చుంటే లేవబుద్ధి కాదని ఆమె భయం.

బల్లకి అవతలి వైపు చిన్నకోడలు. ఇద్దరూ అన్నదమ్ముల పెళ్ళాలు. అత్తగారు పోయి చాలా ఏళ్ళయినా ఆవిడ పిలిచిన పిలుపులు మాత్రం ఇద్దరికీ అతుక్కుపోయాయి. పార్టీలకి అద్దెకిచ్చే ఈ తోట హాలు వంటింట్లో టీ తెచ్చేవాడి దగ్గర్నుంచి సూపర్వైజరు దాకా అందరికీ వాళ్ళు పెద్దకోడలూ, చిన్నకోడలూనే. తోడికోడళ్ళంటే జుట్టూ జుట్టూ పట్టుకోవాలి కదా, వీళ్ళేమిటి ఒకే డబ్బాలో తింటారు అని గిన్నెలు తోమే ఆవిడకి ఎప్పుడూ ఆశ్చర్యమే. పెద్దకోడలికి ఆ మాట వింటే లోలోపల గర్వంగా ఉండేది. చిన్నదాన్ని ఈ పనిలోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది తనే. కత్తి పట్టడం నేర్పింది తనే. మొదటి వారం అది కోసుకున్న వేళ్ళకి కట్టు కట్టిందీ తనే.

చిన్నది కూడా తక్కువేం తినలేదు. పెద్దకోడలికి కుడిచెయ్యి వణుకుతుంది. ఎప్పుడూ కాదు, సన్నటి పనికి చెయ్యి పెట్టబోయేటప్పుడు మాత్రమే. పోయిన చలికాలం ఇంట్లో టీ గ్లాసు అందుకుంటూ ఒలకబోసుకుంది. మొగుడు చూడలేదు, చిన్నది చూసింది. ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "ఎవరికీ చెప్పకక్కా. నేనున్నాగా," అంది. మర్నాటి నుంచీ టమాటాల గిన్నె దానంతటది బల్లకి అవతలి వైపుకి మారిపోయింది. కీరదోసా, ఆకూ, చీజూ పెద్దకోడలు గుచ్చి పుల్లని తోసేది. టమాటాని బొడ్డు దగ్గర ఒక్క పోటుతో గుచ్చాలి, లేకపోతే జారిపోతుంది, చితికిపోతుంది. ఆ పోటు చిన్నది పొడిచేది. ఈ సంగతి ఇద్దరూ ఒక్కసారి కూడా నోరు విప్పి మాట్లాడుకోలేదు. కడుపున పుట్టిన కూతురైనా ఇంత కనిపెట్టుకుని ఉండదనుకుని పెద్దకోడలు ఎన్నోసార్లు కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడొచ్చిన చిక్కల్లా ఒకటే. ఎండాకాలం పార్టీలు అయిపోయాక ఈ బల్ల దగ్గర ఒక్కరినే ఉంచుతామని హాలు యజమాని చెప్పేశాడు. ఆ సాయంత్రం బస్సులో ఇద్దరూ మాట ఇచ్చుకున్నారు. "ఉంటే ఇద్దరం, పోతే ఇద్దరం, ఏమంటావక్కా?" అని ముందు అన్నది చిన్నదే. రెండ్రోజులాగి సూపర్వైజరు పెద్దకోడలిని పక్కకి పిలిచి, పాతవాళ్ళు కాబట్టి మిమ్మల్నే ఉంచుదామనుకుంటున్నామని అన్నాడు. "మా చిన్నది లేకుండా నేనుండనండీ," అనేసింది. ఇంకో ఆలోచన లేదు. ఇంటికెళ్ళి ఆ మాట చిన్నదానితో చెప్పను కూడా లేదు. చెప్తే దాని నెత్తిన బరువు పెట్టినట్టుంటుందనుకుంది. పిచ్చి మొహం!

మధ్యాహ్నం ఎండ కిటికీ అద్దాల మీద మండుతుండగా చిన్నది ఐసు తేవడానికి గోదాములోకి వెళ్ళింది. అప్పుడొచ్చాడు సూపర్వైజరు. చెడ్డవాడేం కాదు, మెత్తగా మాట్లాడతాడు. వస్తూ వస్తూ ఒక కుర్చీ కూడా లాక్కొచ్చాడు.

"కూర్చుని చేసుకోండమ్మా. తొందరేం లేదు. టమాటాల జోలికి మాత్రం పోకండి."

"అదేంటండీ?"

"చెయ్యి వణుకుతోందటగా. పాపం, ఇన్నాళ్ళూ ఎలా లాక్కొచ్చారో. పార్టీలు అయ్యాక ఇంటి పట్టున హాయిగా ఉండండి. చిన్నకోడలు గారు ఒప్పుకున్నారు లెండి, ఆవిడ చూసుకుంటారు."

అతను వెళ్ళిపోయాడు. పెద్దకోడలి చేతిలో కీరదోస ముక్క అలాగే ఉండిపోయింది. ఈ లోకంలో ఆ సంగతి తెలిసింది ఒక్కరికే. కట్టుకున్నవాడికి కూడా తెలియదు. తడిగుడ్డతో గొంతు కోయడమంటారే, ఆ మాట పుట్టింటి నుంచీ వింటూనే ఉంది గానీ, అది ఇంత చల్లగా దిగుతుందని ఇవాళే తెలిసింది. మొదట నమ్మబుద్ధి కాలేదు. తర్వాత కుర్చీని కాలితో అవతలికి నెట్టేసింది.

చిన్నది ఐసు బకెట్టు దించి, ఎప్పట్లాగే టమాటాల గిన్నె కోసం చెయ్యి చాపింది. గిన్నె అక్కడ లేదు. పెద్దకోడలి మోచేతి దగ్గరుంది.

"ఇటివ్వక్కా."

"అక్కర్లేదు. నేను గుచ్చుకుంటాను."

చిన్నది ఆ మొహం చూసింది, పక్కనున్న కుర్చీని చూసింది. అర్థమైపోయింది. కాసేపు ఐసు ముక్కల్ని ఊరికే అటూ ఇటూ కెలికింది.

"మీ మరిది ఇంట్లో ఖాళీగా కూర్చున్నాడని నీకు తెలీదా అక్కా? నీకంటే బావగారున్నారు. నాకెవరున్నారు?"

"ఉద్యోగం తీసుకున్నావని కాదే నేననేది." గొంతు పైకి లేవకుండా బిగపట్టుకుంది. "అడిగుంటే నేనే పక్కకి తప్పుకునేదాన్ని. నీకోసం వద్దని కూడా చెప్పొచ్చాను, వాణ్ణడుగు. చెయ్యి సంగతెందుకు చెప్పావే? దాన్ని నీ దగ్గర దాచుకున్నాను కదే!"

వద్దని చెప్పొచ్చానన్న మాటకి చిన్నది తల ఎత్తింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "నువ్వు... నువ్వు వద్దన్నావని నాకు తెలీదక్కా. నిన్నే ఉంచుతారనుకున్నాను. ఇంకేం చెప్పాలో తోచక..."

"తోచక! అబ్బ, ఎంత చక్కగా తోచింది నీకు!"

గిన్నెలు తోమే ఆవిడ పంపు కట్టేసి చెవులు రిక్కించింది. పెద్దకోడలు టమాటా తీసుకుంది. పుల్ల దాని బొడ్డు దగ్గరికి వెళ్ళి వణికి పక్కకి జారింది, టమాటా చితికి గింజలు మణికట్టు మీదికి చిమ్మాయి. ఇంకోటి తీసుకుంది. అది దిగింది గానీ వంకరగా దిగింది. చిన్నది బల్ల అంచు పట్టుకుని నిలబడి చూస్తోంది. రెండుసార్లు చెయ్యి ముందుకొచ్చింది, రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి దానికి. కారనీ అనుకుంది పెద్దకోడలు. ఇన్నాళ్ళూ ఆ కళ్ళు చూసే మోసపోయాను.

ఆఖరి పళ్ళెం మొత్తం తనే గుచ్చింది. ఒకటి కుడివైపుకి ఒరిగింది, ఒకటి ఎడమవైపుకి. టమాటాలు కొన్ని నెర్రెలిచ్చాయి. నిమ్మరసం, నూనె, మిరియాల పొడి కలిపి పైన చిలకరించి, పళ్ళేలు మోసేవాడి చేతికిచ్చింది. ఇవ్వగానే భయం పట్టుకుంది. వంటింటి గుమ్మంలోంచి తొంగి చూడకుండా ఉండలేకపోయింది.

పచ్చిక మీద తెల్ల గుడ్డలు కప్పిన బల్లలు, రంగుల గొడుగులు, వాటి కింద నవ్వుకుంటూ జనం. పళ్ళెం వాళ్ళ మధ్యకి వెళ్ళింది. ఒకావిడ మాట ఆపకుండానే వంకర పుల్ల తీసుకుని, చూడకుండానే నోట్లో పెట్టుకుంది. ఒక ముసలాయన రెండు తీసుకున్నాడు. "ఇవి మనింట్లో కూడా చెయ్యొచ్చు, పుల్లకి గుచ్చడమేగా," అంది ఇంకొకావిడ. టమాటా నిటారుగా ఉందా, ఒరిగిందా అని అడిగినవాళ్ళు లేరు. చూస్తుండగానే పళ్ళెం ఖాళీ అయింది. ఇన్ని నెలలూ ఎవరు చూస్తారోనని వణికి చచ్చిన వంకర ఇదేనా! ఈ వంకరని చూపించేనా తనని పక్కన పెట్టించింది! నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. రెండింటినీ మింగేసింది.

సూపర్వైజరు ఎదురైతే, "రేపట్నుంచి రానండీ," అని మాత్రం చెప్పింది. అతనేదో అనబోయాడు. అప్పటికే ఆమె సామాన్ల గదిలోకి వెళ్ళిపోయింది.

చిన్నది వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "అక్కా, ఆగు. కలిసి పోదాం. బస్సులో మాట్లాడుకుందాం."

"నువ్వుండు. నీకు పనుంది."

"ఇంటికొస్తావుగా? ఒకే గోడ అవతలా ఇవతలా ఉండేవాళ్ళం, ఎన్నాళ్ళు మాట్లాడవు?"

"గోడ ఉందిగా," అంది పెద్దకోడలు. దాని వైపు తిరగలేదు.

ఏప్రాను విప్పబోయింది. నడుం వెనక ముడి గట్టిగా ఉంది. రోజూ పొద్దున్నే చిన్నదే వేస్తుంది, సాయంత్రం చిన్నదే విప్పుతుంది. వేళ్ళు ఆ ముడి మీదికి వెళ్ళి వణికాయి, దొరకలేదు. "విప్పనా అక్కా?" అని గుమ్మంలోంచి సన్నగా వినబడింది. పెద్దకోడలు ఏప్రానుని రెండు చేతులా పట్టుకుని, భుజాలు దగ్గరికి ముడుచుకుని, ఊపిరి బిగబట్టి తల మీదుగా లాగేసింది. టోపీ ఊడి జుట్టంతా చెదిరింది. సర్దుకోలేదు. సంచీ తీసుకుని వెనక గేటులోంచి ఎండలోకి వెళ్ళిపోయింది.

కొక్కేనికి ఏప్రాను వేలాడుతోంది. నడుం దగ్గర చిన్నకోడలు వేసిన ముడి వేసినట్టే ఉంది.