అంగాళమ్మ ఎడమ కన్ను

హోసూరు పక్కన గులాబీలు పెంచే పాలీహౌస్‌లో, ఆ ప్లాస్టిక్ పందిరి కింద, పొద్దున ఏడింటికల్లా కోత మొదలవుతుంది. కోత మధ్యలో అంగాళమ్మ ఎడమ కన్ను బొటబొటా కారితే, పక్కనున్న కెంచమ్మ ఆమె చేతిలోని పూలకట్ట అందుకుని, "ఎవరో పోయినట్టుండారు పైన," అనేది. అంతే. మళ్ళీ కోత.

యాడో ఆకాశం లోతుల్లో ఒక పెద్ద నక్షత్రం కూలిపోయి, గామా కిరణాలు ఒక్కసారిగా పేలి, ఆ మెరుపు భూమిని తాకిన క్షణానికి ఆ కన్ను కారుతుంది. కుడి కంటికి ఏమీ పట్టదు. తోకచుక్క వస్తే ఎడమ కంటికి దురద మాత్రమే. అది చావదు కదా, చుట్టి వచ్చేది.

లోపలికి ఫోన్లు తేకూడదు. అందుకని గోడ గడియారం చూసి, టైము అరచేతిలో రాసుకుని, మధ్యాహ్నం బయట సద్ది తినేటప్పుడు నళినికి ఫోను చేసి చెబుతుంది. నళిని హోసూరు పిల్లే. బెంగళూరులో నక్షత్రాలు చూసే ఆఫీసులో పని. ఉపగ్రహాలు పంపిన టైముతో సరిచూసి, "సరిపోయిందక్కా," అంటుంది. ఆరేళ్ళలో తప్పింది ఒక్కసారే. ఆ పొద్దు పైన ఏమీ లేదు. కన్ను కారిన టైముకే మత్తూరులో అంగాళమ్మ తల్లి పోయింది.

కూలివాళ్ళు బిరీన రావాలని ఆ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు పెట్టడం ఓనరు అలవాటు. మొదట్లో అంగాళమ్మ ఆ పది నిమిషాలు తీసేసి రాసుకునేది. సూపర్‌వైజరుగా వచ్చిన సురేష్, అంగాళమ్మ సంగతి తెలిసినాక, దాన్ని సరిచేసినాడు. ఓనరు తిట్టినా వినలేదు. ప్రతి సోమవారం స్టూలెక్కి సెకండ్ల ముల్లు దాకా దిద్దేవాడు. ఎవరి కోసమో అందరికీ తెలుసు, పాపం!

అంగాళమ్మ మొగుడు దేవేంద్ర లారీ డ్రైవరు. తొమ్మిదేళ్ళ కిందట జూజువాడి చెక్‌పోస్టు దాటి పోయినాడు. లారీ దొరికింది, మనిషి దొరకలేదు. "ఉండాడో లేడో తెలీకుండా ఇంకో తాళి ఎట్ల కట్టించుకునేదప్పా?" అని సురేష్‌ను మూడేళ్ళుగా ఆపుతానే ఉంది.

ఈసారి సురేష్ తల వంచుకుని చెప్పినాడు. "ఆదివారం కృష్ణగిరికి పోతాండాను. మా అక్క సంబంధం చూసింది. నువ్వు ఉండమంటే ఉంటాను."

గురువారం పదకొండూ ఇరవైకి ఎడమ కన్ను కారింది. ఎప్పుడూ లేనంతగా, రైక తడిసేదాకా.

"నళినమ్మా, పదకొండూ ఇరవై. బాగా చూడు తల్లీ," అంది ఫోనులో.

నళిని చూసింది. ముందొక గంట, వెనకొక గంట చూసింది. ఏ ఉపగ్రహంలోనూ ఏమీ లేదు.

"మా ఆయనేనా?"

ఏ జవాబు కావాలో అంగాళమ్మకే తెలీదు. దేవేంద్ర లేడంటే గుండె కాలిపోతుంది. లేడంటే బాగుండునన్న తలపుకు సిగ్గుతో చచ్చిపోతాంది. నళినికి మాత్రం ఆ గొంతులో వణుకే వినబడింది. ఒక ఆడమనిషి బొట్టును నా నోటితో చెరపాలా, దేవుడా, అనుకుంది.

"కాదక్కా. నక్షత్రమే. శానా పెద్దది."

అవతల అంగాళమ్మ భోరుమంది. సంతోషంతో ఏడుస్తా ఉందనుకుంది నళిని.

శనివారం సురేష్ గడియారం కింద నిలబడినాడు. "మా ఆయన ఉండాడు, సురేషప్పా. పోయిరా," అంది అంగాళమ్మ. సురేష్ పోయినాడు.

నెల దాటినాక కన్ను మళ్ళీ కారింది. "తొమ్మిదీ నలభై, నళినమ్మా."

"అక్కా, పేలుడు తొమ్మిదిన్నరకే ఉందే. గడియారం సరిగ్గా ఉందా?"

"అయ్యో, మర్చిపోయినాను. దాన్ని మళ్ళీ ముందుకు తిప్పేసినారమ్మా. సరిచేసే మనిషి పోయినాడు."

"ఎవరక్కా?"

"సురేషప్ప అని, మా సూపర్‌వైజరు. నన్ను కట్టుకోవాలని మూడేళ్ళు కాచుకున్నాడు. ఆ గురువారం పోయింది మా ఆయన అయ్యుంటే ఆయప్పను ఉండమనేదాన్ని. నక్షత్రమంటివి కదా." గొంతులో నిష్ఠూరం లేదు. "నిన్న ఆయప్ప పెళ్ళి అయిపోయింది. పది నిమిషాలు తీసేసి రాసుకో తల్లీ."

నళిని తొమ్మిదిన్నర అని రాసింది. దానికి పైవరసలో, ఆ గురువారం పదకొండూ ఇరవై పక్కన, పేలుడు టైము రాయాల్సిన గడి ఖాళీగా కనబడింది.

"అక్కా, ఆ రోజు..." అంది.

అప్పటికే అంగాళమ్మ ఫోను పెట్టేసి కోతకు పోయింది.