అయిదువేల మంది బుజ్జులు

ఆఫీసులో ఆమెను అందరూ తుఫానమ్మ అంటారు. కోపిష్టి అని కాదు. కొత్త సర్వరు ఏదైనా జనంలోకి వెళ్ళే ముందు దాని మీదికి వేల మంది దొంగ జనాన్ని ఒక్కసారిగా ఉసిగొల్పి, తట్టుకుంటుందో చతికిలపడుతుందో చూడటం ఆమె ఉద్యోగం. దొంగ జనం అంటే మనుషులు కారు, మనుషుల్లాగే పేరూ పాస్‌వర్డూ కొట్టే ప్రోగ్రాములు.

ఈసారి వంతు విశ్వవిద్యాలయం లాగిన్ సర్వరుది. ఫీజులు, లైబ్రరీ, హాస్టలు, క్లాసులు ఎంచుకునే పేజీ, అన్నిటికీ అదొక్కటే గుమ్మం. అక్కడ ఒక్కసారి పాస్‌వర్డు కొడితే మిగతా తలుపులన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. సుఖమే. కాకపోతే అది బిగుసుకున్న రోజున విశ్వవిద్యాలయం మొత్తం వీధిలో నిలబడాలి. ఈ ఏర్పాటు కనిపెట్టిన మహానుభావుడు జన్మలో ఎప్పుడూ ఇంటి బయట ఇరుక్కుపోయి ఉండడు.

మొదటి పరీక్షలోనే సర్వరు మూలిగింది. తుఫానమ్మ వారాల తరబడి దాని వెంటపడింది. ఎవరెవరు లోపల ఉన్నారో ప్రతిసారీ డిస్కు మీద రాసుకోవడం మాన్పించి, మెమరీలోనే ఉంచుకునేలా చేసింది. ఒకసారి చూసిన మనిషి వివరాలను మళ్ళీ వెతక్కుండా గుర్తుపెట్టుకునేలా చేసింది. ఆ తరువాత అయిదువేల మందిని వదిలితే సర్వరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. ఎప్పుడూ గొంతు పెంచని మేనేజరు, అందరూ శాంతంగారు అనే పెద్దమనిషి, మీటింగులో అందరి చేతా చప్పట్లు కొట్టించారు.

ఇంట్లో చెల్లెలు అంతకన్నా సంబరపడింది. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. ఆ విశ్వవిద్యాలయంలోనే నర్సింగు చదవాలని ఎప్పటినుంచో కోరిక. ఉద్యోగం మానుకుంటే ఇల్లు గడవదు కాబట్టి సాయంత్రం సెక్షనులో తప్ప చేరలేదు. దరఖాస్తు పెట్టినవాళ్ళందరికీ పాస్‌వర్డు ఇస్తారు కానీ, అందులో ఉన్నవి పిడికెడు సీట్లు, ముందు నొక్కినవాళ్ళకే దక్కుతాయి. వయసు లెక్కన ఆమెకు ఇదే ఆఖరి ఏడు.

"పోయినేడు పేజీ తిరిగీ తిరిగీ నా సీటు కాస్తా ఎగిరిపోయింది. ఈసారి గుమ్మం దగ్గర మా అక్కే ఉంది, నాకేం భయం?" అని డిపోలో అందరికీ చెప్పుకుంది.

సీట్ల రోజు ఉదయం పది గంటలకు పేజీ తెరిచారు. తుఫానమ్మ ఎదుట తెర మీద, వరసలో ఆగినవాళ్ళ లెక్క చూపే గీత కాసేపు బుద్ధిగా నడిచింది. తరువాత నిటారుగా పైకి లేచి, దిగడం మానేసింది. బయట వేల మంది పోగయ్యారు. లోపలికి మాత్రం ఒక్కొక్కరే, అదీ ఈడ్చుకుంటూ.

ప్రతి లాగినూ విద్యార్థుల డేటాబేసు దగ్గర ఆగిపోతోంది. పరీక్షలో ఒక్కటీ అక్కడ ఆగలేదు. ఎందుకు ఆగలేదా అని ఆమె తన పరీక్ష ప్రోగ్రాము తెరిచి చూసింది. యూజర్ పేరు అన్న చోట ఒక్కటే మాట ఉంది: బుజ్జి.

మొదటిరోజు ఊరికే సరిచూసుకోవడానికి పెట్టిన పేరది. తరువాత వేలాది వేర్వేరు పేర్లు పెట్టాలనుకుంది, పనిలో పడి మరిచిపోయింది. అయిదువేల మందీ బుజ్జులే. సర్వరు ఒక్క బుజ్జిని గుర్తుపెట్టుకుని, మిగతా బుజ్జులందరినీ మొహం కూడా చూడకుండా లోపలికి తోలేసింది. దానికా చప్పట్లు? ఇవాళ వస్తున్నవాళ్ళలో ప్రతి ఒక్కరిదీ కొత్త మొహమే. ఒక్కొక్కరినీ డేటాబేసులో వెతకాలి, అక్కడికి వెళ్ళే దారులు చూస్తే నాలుగైదు.

ఆ దారులు పెంచడం ఎంతసేపు, ఒక్క అంకె మార్చాలి. కానీ సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెడితే తప్ప ఆ అంకె దాని తలకెక్కదు. ఆపితే మెమరీలో ఉన్నదంతా పోతుంది. ఎలాగో లోపలికి చేరిన కొద్దిమందీ మళ్ళీ బయటపడతారు. ఆ మెమరీ తెలివి కూడా ఆమెదే.

అప్పుడే ఫోను మోగింది.

"అక్కా, లోపలికి వచ్చేశాను," అంది చెల్లెలు, గొంతు తగ్గించి. "సాయంత్రం సెక్షను మీద నొక్కాను. సీట్లున్నాయి. తిరుగుతోంది, ఇంకొక్క నిమిషం."

ఆ నొక్కు కూడా ఈ గుమ్మం దగ్గరే మరొకసారి సరిచూసుకోవడానికి వరసలో నిలబడి ఉంది. ఆ సంగతి చెల్లెలికి తెలియదు. తుఫానమ్మకు మాత్రం తెర మీద ఆ వరస కనిపిస్తోంది. అది కదలడం లేదు.

"ఉండవే," అని మాత్రం అనగలిగింది.

శాంతంగారు వెనకే వచ్చి నిలబడ్డారు. "ఆపి మొదలుపెట్టమ్మా. బయట అంతమంది ఉన్నారు."

"ఒక్క రెండు నిమిషాలు ఆగుదామండీ."

"ఆగితే తగ్గుతుందా?"

తగ్గదు. ఆ మాట ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు. మా చెల్లెలు లోపల ఉందండీ అని చెబుదామనుకుని మానుకుంది. బయట ఉన్నవాళ్ళందరూ కూడా ఎవరో ఒకరి చెల్లెళ్ళే కదా. ఆయన కసురుకున్నా బాగుండేది, కసిరితే ఎదురు చెప్పవచ్చు. ఆయన ఊరికే నిలబడ్డారు.

ఆమె అంకె మార్చి, నొక్కింది.

సర్వరు లేచి కూర్చుంది. గీత దిగివచ్చింది. బయట ఉన్నవాళ్ళంతా బిలబిలమంటూ లోపలికి వెళ్ళిపోయారు. ఇంత చక్కగా అది ఏ పరీక్షలోనూ పనిచేయలేదు.

కాసేపటికి మళ్ళీ ఫోను.

"అయిపోయాయక్కా. తిరుగుతూ తిరుగుతూ బయటికి తోసేసింది. కంగారులో పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాను. వెళ్ళేసరికి ఒక్కటీ లేదు." ముక్కు ఎగబీల్చింది. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే. నీ చేతుల్లో ఏముంది?"

ఊఁ అని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయింది.

"నేనే నొక్కానే."

"ఏంటి?"

"ఆపి మళ్ళీ మొదలుపెట్టింది నేనే. నువ్వు లోపల ఉన్నావని తెలిసే."

అవతల బస్సు ఇంజను గుర్రుమంటోంది. తిట్టినా పడదామని అక్క ఎదురుచూసింది.

"ఇప్పుడు మిగతావాళ్ళకి తెరుచుకుంటోందా?"

"తెరుచుకుంటోంది."

"సరేలే. బండి తియ్యాలి."

ఫోను పెట్టెయ్యడం మాత్రం మరిచిపోయింది. బ్రేకు వదిలిన చప్పుడు, ఎవరో ఈ బస్సు ఎటు వెళ్తుందని అడగడం, చెల్లెలు రోజూలాగే ఓపిగ్గా చెప్పడం వినిపించాయి. శాంతంగారు వచ్చి, "గండం గట్టెక్కించావమ్మా," అన్నారు. తుఫానమ్మ తల తిప్పలేదు, ఫోను చెవికి ఆనించుకుని అలాగే వింటూ ఉండిపోయింది.