నూట ఐదు దాటితే

నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఇరవై ఆరేళ్లుగా చెడిపోయినవాటిని విప్పి చూస్తున్నాను కాబట్టి, ఊరికే మోగే గడియారం కనబడితే ముందు దాన్నే అనుమానిస్తాను. నా కొంప ముంచింది ఆ అలవాటే.

మా ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు. ఏడాది కిందట క్లాసులో సగంమందికి వైరల్ జ్వరం వచ్చింది, తనకీ అంటుకుంది. పిల్లలు వారం తిరక్కుండా లేచి గెంతులేశారు. తను మాత్రం లేవలేదు. జ్వరం తగ్గాక కూడా, తల దువ్వుకుంటే పూటంతా పడుకోవాల్సి వచ్చేది. రక్తపరీక్షలన్నీ బాగున్నాయన్నారు. బాగుండటమంటే ఇదేనా అని నాకు ఒళ్లు మండింది.

నాలుగో డాక్టరమ్మ మాత్రం కుదురుగా కూర్చుని చెప్పింది.

"వైరస్ జ్వరం పోయినా కొందరికి ఇలా నీరసం మిగిలిపోతుందండీ. ఎందుకో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలీదు. నయంచేసే మందు లేదు. అలిసిపోకముందే ఆగిపోవాలి. ఈ వాచీ పెట్టుకోండి. గుండె నిమిషానికి నూట ఐదుసార్లు దాటి కొట్టుకుంటే మోగుతుంది. మోగితే చేస్తున్న పని వదిలేసి పడుకోవాలి."

"దాటితే ఏమవుతుందండీ?" అని నేనడిగాను.

"అప్పటికప్పుడు ఏమీ అవకపోవచ్చు. ఒకటి రెండు రోజులయ్యాక కూలబడతారు. కూలబడ్డ ప్రతిసారీ మళ్లీ మునుపటంత లేస్తారని నేను మాటివ్వలేను."



మా ఆవిడ ఆ వాచీకి 'అత్తగారు' అని పేరు పెట్టింది. మెట్లెక్కితే అరుపు, బట్ట పిండితే అరుపు. "అదిగో, అత్తగారికి కోపమొచ్చింది, నన్ను పడుకోనివ్వండి" అని నవ్వేది. ఆ అత్తగారి మాట వినబట్టే నాలుగు నెలలకి వంటింటిదాకా నడిచి, స్టూలు మీద కూర్చుని కూరలు తరిగే స్థితికి వచ్చింది.

రెండు వారాల కిందటి మంగళవారం అది మరీ మోగింది. దువ్వెన అందుకుంటే మోగింది, దుప్పటి మడిస్తే మోగింది. మోగినప్పుడల్లా తన ముఖం పాలిపోయేది. చూడలేకపోయాను. తను స్నానానికి వెళ్లినప్పుడు వాచీని నా బల్ల మీద పెట్టి చూశాను. గుండె కొట్టుకోవడం పసిగట్టే గాజుబిళ్ల కొంచెం మసకబారింది. ఇంకేముంది, లెక్క తప్పుతోందని తేల్చేశాను. బిళ్ల తుడిచి, నూట ఐదుని నూట ముప్ఫై చేశాను. చెడుతున్నది వాచీ కాదు, తనేమో అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అనుకోవడానికి భయం, అసలు సంగతి అది.

బుధవారం అత్తగారు నోరు విప్పలేదు. తను గది ఊడ్చింది, పుస్తకాల అలమర సర్దింది, వీధి చివరిదాకా నడిచొచ్చింది.

"ఏమండీ, పొద్దుటినుంచీ ఒక్క మాటా అనలేదు, చూశారా? తగ్గిపోతోందేమో. బడి తెరిచేసరికి వెళ్లగలనేమో."

తన కళ్లలో ఆ వెలుగు చూసి ఏడాదైంది. నిజం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పైగా నవ్వాను కూడా.

గురువారం బాగానే ఉంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. శుక్రవారం పొద్దున లేపితే కళ్లు తెరిచింది గానీ తల ఎత్తలేకపోయింది. వెలుతురు గుచ్చుకుంటోందని కనురెప్పలతోనే చెప్పింది. తెరలు దించాను. చెంచాతో నీళ్లు పడితే ఒక్కో గుక్కకీ ఆగి ఆగి మింగింది. ఇవాళ్టికి పదకొండో రోజు. ఇక లేవదేమోనన్న భయం నన్ను కూర్చోనివ్వడం లేదు, నిలబడనివ్వడం లేదు.

ఇందాక మంచం పక్కన నేల మీద కూర్చుని, చేసిందంతా ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిట్టినా బాగుండేది.  తన పెదాలు మెల్లగా కదిలాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"అత్తగారిని పిలవండి."

మళ్లీ నూట ఐదుకి మార్చి మణికట్టుకి కట్టాను. ఆవగింజంత మరలు బిగించే నా వేళ్లలోంచి పట్టీ మూడుసార్లు జారిపోయింది. నా చెయ్యి పట్టుకోవాలని కాబోలు, తను చెయ్యి జానెడు పైకెత్తింది.

వాచీ మోగింది. ఈసారి దాన్ని విప్పి చూడాలనిపించలేదు. తన చేతిని మెల్లగా పక్క మీదికి దించాను.